ధర్మపు తక్కెడ

మా ఊరు రామతీర్థము. విజయనగరమునకు సమీపమున, నెల్లిమర్ల మండలమున నున్న పుణ్యక్షేత్రము. కొండ క్రింద శ్రీరామచంద్రుని కోవెల కలదు. బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ అను మూడు కొండలు ఊరికి పెట్టని కోటలవలె నిలిచియున్నవి. గురుభక్తులకొండమీద ప్రాచీన బౌద్ధవిహారముల ఇటుకగోడలు నేటికిని కనబడును. మా ప్రక్కగా పారు చంపావతీనది తూర్పుకనుమలలో పుట్టి, నెల్లిమర్లను ఒరసికొని వచ్చి, కోనాడయొద్ద సముద్రమున గలియుచున్నది.

ఆ కొండలనుండి మాకు దిగివచ్చునది నది మాత్రమే కాదు. పులుసులోని చింతపండు, తలంటుకు వాడు కుంకుడుకాయ, శీకాయ, మందులోనికి కరక్కాయ, ఇల్లూడ్చు కొండచీపురు, పెండ్లిపంక్తిలో వేయు అడ్డాకుల విస్తరి, పసిబిడ్డ నాలుకపై రాయు తేనె – ఇవియన్నియు ఆ కొండలు మనకు పంపిన సామగ్రియే. సవరలు, జాతాపులు మొదలగు గిరిజనులు తమ చేతులతో ఏరి, తమ తలలపై మోసి తెచ్చినవే.

బాలబాలికలారా! నేడు పట్టణములలో సూపర్ మార్కెట్టులు వెలసినవి. మీరును వానిని చూచియుందురు. అద్దపుతలుపులు, వరుసవరుసలుగా అరలు, వెలుగులీను దీపములు! చింతపండు చక్కని పొట్లముగాను, తేనె అందమైన సీసాగాను మనకు కనబడును. వెల చెల్లించి యింటికి తెచ్చుకొందుము. కాని ఆ సీసాను చేతబట్టుకొన్నప్పుడు మూడు ప్రశ్నలు మీ మనస్సున పుట్టవలెను. దీనిని తెచ్చినవారెవరు? తెచ్చినవారికి ముట్టినదెంత? ఇచ్చిన చెట్టు ఇంకను బ్రదికియున్నదా?

ఈ మూడు ప్రశ్నలకును సమాధానము చెప్పుటకై యత్నించుచున్న దుకాణముల వరుస యొకటి మన ప్రాంతముననే యున్నది. దాని పేరు గిరిజన సహకార సంస్థ. జనులు దానిని జి.సి.సి. యని పిలుతురు. దాని చరిత్రను చెప్పుటకు ముందు నా బాల్యమునందలి యొక సంగతిని మీకు చెప్పవలసియున్నది. అది నేను గొప్పగా చెప్పుకొనదగినది కాదు. అయినను చెప్పెదను.

సంతలో చూచినది

1970 ప్రాంతమున నేను ఐదవ తరగతి చదువుచుంటిని. మా తండ్రిగారు ఎడ్లను కొనుటకై కొండక్రింది యొక సంతకు పోవుచు నన్నుకూడ వెంటబెట్టుకొని పోయిరి. తెల్లవారకముందే కొండలమీదినుండి కావడులు, గంపలు దిగసాగెను. ఒకచోట చింతపండు రాసులు, ఒకచోట చీపుళ్ళకట్టలు, ఒకచోట పసుపు. తండ్రిగారు ఎడ్లబేరములో మునిగియుండగా నేనొక వర్తకుని కాటాయొద్ద నిలిచి చూచుచుంటిని.

ఒక సవర వృద్ధురాలు చింతపండు గంపను దింపెను. వర్తకుడు గంపలోని సరకును కాటాలో నొకప్రక్క పోసి, రెండవప్రక్క నొక ఇనుపతూనికరాయిని పెట్టెను. రెండును సరిగా తూగెను. “మూడు కిలోలు” అని వర్తకుడు గట్టిగా చెప్పెను. ఆ రాయి నావైపునకే తిరిగియుండెను. దానిమీద 5 అను అంకె పోతపోసి యుండెను. మా బడిలో ఆ యేడే కిలోల లెక్కలు నేర్చుకొంటిమి. ఆ అంకెను నేను స్పష్టముగా చదివితిని.

వృద్ధురాలికి ఏదో సందేహము కలిగెను కాబోలు. ఇంటియొద్ద గంపనెత్తినప్పటి బరువు ఆమె మెడకు తెలియును గదా! ఆమె నావైపు తిరిగి, “బాబూ! సదువుకున్న పిల్లడివి. ఆ రాయిమీద ఏటి రాసుంది?” అని అడిగెను.

వర్తకుడు నావైపు చూచి చిరునవ్వు నవ్వెను. ప్రక్కనున్న కుండలోనుండి ఒక బెల్లపుముక్కను తీసి నా చేతిలో పెట్టెను. నేను బెల్లమువంక చూచితిని, ఆమెవంక చూచితిని. “నాకు తెలీదు” అంటిని. ఆమె మరి మాటాడలేదు. ఇచ్చిన ఉప్పును, చిల్లరను కొంగున ముడివేసికొని వెడలిపోయెను.

ఇల్లు చేరువరకును ఆ బెల్లమును నేను తినలేకపోతిని. రాత్రి తండ్రిగారితో జరిగినదంతయు చెప్పితిని. వారు కొట్టలేదు, తిట్టలేదు. కొంతసేపు ఊరకుండి, “రాయిమీది అంకె ఆవిడకి తెలీదు, నీకు తెలుసు. తెలిసినవాడు నోరు మూసుకుంటే, ఆ కాటా పట్టినవాడికీ నీకూ తేడా ఏటిరా?” అనిరి. మరుసటి వారము నన్ను మరల సంతకు తీసికొనిపోయిరి. దినమంతయు వెదకితిమి. ఆ వృద్ధురాలు కనబడలేదు. ఆ తరువాతను ఎన్నడును కనబడలేదు.

ఒకే చేతిలో మూడు పగ్గములు

ఆ వర్తకుడొక్కడు చెడ్డవాడగుటచేతనే అట్లు జరిగెనని మీరు తలపరాదు. దానివెనుక నొక యేర్పాటుండెను. దానిని తెలిసికొనినగాని సంస్థ యేల పుట్టెనో మీకు బోధపడదు.

అడవిలో ఉప్పు పండదు, గుడ్డ నేయబడదు, కిరసనాయిలు దొరకదు. వీనికై గిరిజనుడు సంతకు దిగిరాక తప్పదు. వానకాలమున అతని యింట గింజలు తరిగిపోవును. అప్పుడతడు అప్పు చేయును. ఆ యప్పును వేసవియందు చింతపండుగా తీర్చవలెను. చింతపండు వెలను నిర్ణయించువాడు అప్పిచ్చినవాడే. ఉప్పు వెలను నిర్ణయించువాడును అతడే. సరకును కొనువాడు, ఉప్పు అమ్మువాడు, అప్పిచ్చువాడు – ముగ్గురును ఒక్కడే యగుటచేత మూడు పగ్గములును ఒకే చేతిలో నుండెను. కొలతలందును మోసము కలదు. కొనునప్పుడు పెద్ద కుంచము, అమ్మునప్పుడు చిన్న కుంచము! లెక్కల పుస్తకము వర్తకునియొద్ద నుండును. చదువు గిరిజనునియొద్ద లేదు.

ప్రభుత్వమువా రీ సంగతిని ఎరుగకపోలేదు. 1917లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతములకొక చట్టము చేసెను. కొండజాతులవారియొద్ద నూటికి సాలుకు 24కు మించి వడ్డీ తీసికొనరాదనియు, వడ్డీమొత్తము అసలును మించరాదనియు దానిలో విధించిరి. చట్టము మంచిదే. కాని ఆ చట్టమును చదువుకొని న్యాయస్థానమునకు పోగలవారు కొండలలో నెందరుండిరి? గిడుగు వేంకట రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలో నుండి సవరభాషను నేర్చి, సవరబాలురకు వారి భాషయందే చదువు చెప్పించుటకు పాటుపడిరి. అట్టివారు అరుదు.

చట్టము వర్తకుని చేతిని పట్టుకొనవచ్చును. కాని గిరిజనునికి ఉప్పు నమ్మజాలదు. అతని చింతపండును కొనజాలదు. మోసకారి దుకాణమునకు మారుగా మరియొక దుకాణము వెలసిననాడే అతనికి వేరు త్రోవ దొరకును. ఈ యూహ మొట్టమొదట మన దేశమున పుట్టినది కాదు. దానిని తెలిసికొనుటకు మనము కొంతసేపు ఇంగ్లండునకు పోవలెను.

రాచ్‌డేల్ నేతపనివారు

ఇంగ్లండులో రాచ్‌డేల్ అను మిల్లుల పట్టణము కలదు. నూట యెనుబదియేండ్ల క్రిందట అచ్చటి నేతపనివారికి కూలి తక్కువ. దుకాణములందు దొరకు పిండిలో సుద్దవంటివి కలిసియుండెడివి. తూకము తక్కువగా నుండెడిది. అప్పు పెట్టినవారు ఆ దుకాణమును విడిచి పోజాలకుండిరి. మన కొండల కథయే అచ్చటను!

అప్పుడు కొందరు పేదపనివారు చేరి, తలకు కొంత చొప్పున కూడబెట్టి 28 పౌనుల మూలధనమును సమకూర్చిరి. 1844 డిసెంబరు 21వ తేదీన టోడ్‌లేన్ అను వీధిలో చిన్న దుకాణమును తెరచిరి. వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓటుపిండి, కొవ్వొత్తులు – ఇవే వారి సరకులు. చూచి నవ్వినవారు లేకపోలేదు. కాని వారి నియమములు గట్టివి. కల్తీలేని సరకు నమ్మవలెను. తూకము నిండుగా నుండవలెను. ఎంత ధనము పెట్టినను సభ్యునికి ఓటు ఒక్కటే. లాభము మిగిలినచో, ఎవరెంత సరకు కొనిరో దానినిబట్టి వారికి పంచవలెను. ఈ నాలుగు నియమములతో ఆ చిన్న దుకాణము ప్రపంచమందలి సహకారోద్యమమునకు ఆదర్శమాయెను.

మన దేశమున 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. ఆ సంవత్సరమే మద్రాసులోని ట్రిప్లికేనునందు కొందరు మధ్యతరగతివారు రాచ్‌డేలు మార్గముననుసరించి వినియోగదారుల సహకార సంఘమును స్థాపించిరి. అది క్రమముగా నగరములోని పెక్కు వీధులకు శాఖలతో వ్యాపించెను. ఒకే పేరు, ఒకే నియమము, పెక్కు దుకాణములు! నేటి సూపర్ మార్కెట్టుల వరుసలకు మన దక్షిణదేశమున నిట్టి పూర్వులు కలరని మీరు గుర్తుంచుకొనుడు.

1956వ సంవత్సరము

ట్రిప్లికేనులో కొనువారు కలిసి దుకాణము పెట్టుకొనిరి. మన కొండలలోని చిక్కు ఇంకను పెద్దది. ఇచ్చట గిరిజనుడు కొనువాడు మాత్రమే కాదు, అమ్మువాడును. అందుచేత మూడు పగ్గములను విప్పగల సంస్థ కావలసివచ్చెను. అట్టిదానిని 1956లో విశాఖపట్నము కేంద్రముగా ప్రభుత్వము నెలకొల్పెను. మొదట దానికి వేరొక పొడవైన పేరుండెను. తరువాత గిరిజన సహకార సంస్థ యను పేరు స్థిరపడెను. దేశమంతటను కిలోగ్రాముల పద్ధతిని ప్రవేశపెట్టుటకు తూనికలు కొలతల చట్టము వచ్చినదియు ఆ సంవత్సరమే. న్యాయమైన తూనికరాయియు, న్యాయమైన తక్కెడయు ఒకే యేడు పుట్టుట తలచుకొనదగిన విషయము.

సంస్థ చేయు పనులు ముఖ్యముగా మూడు. మొదటిది, గిరిజనులు తెచ్చిన అటవీఫలసాయమును ముందుగా ప్రకటించిన ధరకు కొనుట. చింతపండు, తేనె, కుంకుడుకాయ, శీకాయ, కరక్కాయ, కొండచీపుళ్ళు, అడ్డాకులు, తపసిజిగురు – ఇట్లు ఋతువునుబట్టి సరకు వచ్చును. రెండవది, డి.ఆర్. డిపోలను నడపుట. బియ్యము, ఉప్పు, పప్పు, నూనె, సబ్బు మొదలగు గృహావసర వస్తువులను కొండపల్లెలకు చేర్చి సరసమైన ధరకు అమ్ముటయే ఈ డిపోల పని. మూడవది, సాగుకు ఋణమిచ్చుట. చూచితిరా! కొనుట, అమ్ముట, అప్పిచ్చుట – వర్తకుని చేతిలోనున్న ఆ మూడు పగ్గములే. కాని ఇచ్చట వానిని పట్టినది గిరిజనుల ప్రాథమిక సహకార సంఘములతో ముడిపడిన సంస్థ.

మన ఉత్తరాంధ్రమున పార్వతీపురము, సీతంపేట మొదలగు చోట్లనుండి ఈ పని జరుగుచున్నది. 2022 ఏప్రిలు 4వ తేదీన ఏర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాలో ఇవి చేరియున్నవి. పాడేరు, చింతపల్లి, రంపచోడవరము కొండలలోను సంస్థ శాఖలు కలవు. 2014లో రాష్ట్రము విభజింపబడిన పిమ్మట తెలంగాణమునకు వేరుగా సంస్థ యేర్పడెను.

అయితే దుకాణము తెరచినంతమాత్రమున కష్టములన్నియు తీరిపోయెనని చెప్పుట సత్యము కాదు. 1960లో షెడ్యూల్డు ప్రాంతములలోని వడ్డీవ్యాపారులను అదుపుచేయు నిబంధనలు వచ్చెను. అయినను భూములు చేజారుట, అప్పులబాధ ఆగలేదు. 1967 తరువాత శ్రీకాకుళపు కొండలలో గిరిజనుల ఆగ్రహము తిరుగుబాటుగా పెల్లుబికెను. ఎందరో ప్రాణములు కోల్పోయిరి. 1970లో గిరిజన ప్రాంతములందలి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండ నిబంధనలను బిగించిరి. 1979లో షెడ్యూల్డు ప్రాంతములందు అటవీఫలసాయమును కొను అధికారము ఈ సంస్థకే దక్కునట్లు చేసిరి. చట్టము, భూమి, చదువు, దుకాణము – ఇవి నాలుగు కాళ్ళు. ఒక కాలితో బల్ల నిలువదు.

చెట్టు పాలు

తక్కెడకు రెండు ప్రక్కలు కలవని మీరెరుగుదురు. ఒకప్రక్క అమ్మువాడు, ఒకప్రక్క కొనువాడు. ఇద్దరికిని న్యాయము జరిగినచో తక్కెడ సరిగా నిలిచినదని తలతుము. కాని అడవి సరకు విషయమున కంటికి కనబడని మూడవ పాలివాడొకడు కలడు. అదే చెట్టు. దాని పాలు దానికి విడువకున్నచో నేటి లాభము రేపటి కరవగును.

తపసిచెట్టును మీలో కొందరు చూచియుందురు. తెల్లని కాండముతో, ఎండిన కొండరాళ్ళపై ఒంటరిగా నిలుచును. దాని జిగురు మందుల తయారీలోను, కట్టుడుపండ్లను అంటించు పొడులలోను ఉపయోగపడును; విదేశములకును ఎగుమతి యగును. పూర్వము గొడ్డలితో లోతుగా నరికి జిగురు తీసెడివారు. కొంతకాలము జిగురు మెండుగా కారును. పిమ్మట చెట్టు ఎండును. ఈ నష్టమును గుర్తించి సంస్థవారును, విశాఖపట్నమందలి కోవెల్ ఫౌండేషనువారును గిరిజనులకు క్రొత్త పద్ధతిని నేర్పిరి. చిన్న పనిముట్టుతో పైబెరడును మాత్రమే కొద్దిగా చెక్కవలెను. గాయము మానుటకు చెట్టునకు విశ్రాంతినీయవలెను. నేల రాలి మట్టి యంటకుండ జిగురును శుభ్రముగా పట్టవలెను. దీనివలన చెట్టు బ్రదుకును. జిగురు తెల్లగా నుండుటచే వెలయు హెచ్చును. చెట్టునకు మేలు చేసినవానికే మేలు కలిగినదని గ్రహింపుడు.

తేనె సంగతియు అట్టిదే. కొండతేనెటీగలు ఎత్తైన బండలకును, మహావృక్షములకును పట్టులు పెట్టును. మంటపెట్టి ఈగలను కాల్చి, పట్టునంతయు కోసి పిండినచో ఆ సంవత్సరమునకు తేనె దొరకును. ఈగల సంతతి నశించును. పొగతో ఈగలను ప్రక్కకు జరిపి, తేనెయున్న భాగమును మాత్రమే కోసి, పిల్లలున్న భాగమును విడిచినచో ఈగలు బ్రదికి మరల పట్టు కట్టును. తేనెటీగ తేనె నిచ్చుటయే కాక పువ్వునుండి పువ్వునకు పుప్పొడిని చేర్చును. అది లేకున్న కాయలేదు, గింజలేదు, మరుసటి చెట్టు లేదు.

ఉసిరికాయలకై కొమ్మను నరుకువాడు మరుసటి యేటి కాయలను కూడ నరికినట్లే. అడ్డాకు తీగయు అంతే. ఆకులు కోసినచో మరల చిగిర్చును; తీగను కోసినచో చిగురింపదు. అడ్డాకు విస్తరిలో భుజించి పారవేసినచో పశువు తినును, లేక మట్టిలో కలిసి ఎరువగును. 2022 జూలై 1వ తేదీనుండి మన దేశమున ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు మొదలగువానిని నిషేధించిరి. మన తాతలు వాడిన విస్తరి చట్టముకంటె ముందే ఆ పని చేసియున్నది!

అరకు ప్రాంతమున కాఫీతోటలను పెద్దచెట్ల నీడలో పెంచుదురు. ఆ చెట్లపైకి మిరియపు తీగల ప్రాకింతురు. కొండవాలును కప్పిన చెట్లు మట్టి కొట్టుకొనిపోకుండ కాపాడును. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించెను. సంస్థవారు గిరిజన రైతులయొద్ద కాఫీని కొని, అరకు పేరిట పట్టణములలో అమ్ముచున్నారు.

మాటను తూచుట ఎట్లు?

1916లో అమెరికాలోని మెంఫిస్ పట్టణమున క్లారెన్స్ సాండర్స్ అనునతడు పిగ్లీ విగ్లీ యను దుకాణమును తెరచెను. అంతకుముందు కొనువాడు బల్లకు ఇవతల నిలిచి అడుగగా, దుకాణదారుడు సరకును తీసి యిచ్చెడివాడు. ఇచ్చట కొనువాడే అరలమధ్య తిరిగి తనకు కావలసినది తీసికొనును. సూపర్ మార్కెట్టునకు ఇదియే మూలము. ఈ పద్ధతిలో సౌకర్యము కలదు. కాని ప్రశ్నవేయుటకు ఎదుట మనిషి లేడు. సరకుపైని చీటీయే మాటాడవలెను. కావున దానిని చదువుట మన పని.

ఈ కాలమున దుకాణముల వరుసలన్నియు ప్రతిజ్ఞలు చేయుచున్నవి. “మేము రైతుకు మేలు చేయుదుము, అడవిని కాపాడుదుము, ప్లాస్టిక్కును తగ్గింతుము” అని చీటీలమీద వ్రాయుచున్నవి. మంచిదే. కాని మాటను కూడ తూచి తీసికొనవలెను. ఎవరికి మేలు? ఎంత? ఎప్పటిలోగా? చేసినది చేయనిది చూచువారెవరు? ఈ నాలుగింటికిని బదులున్నచో అది ప్రతిజ్ఞ; లేనిచో అలంకారము.

ఈ పరీక్ష గిరిజనులకొరకు పుట్టిన సంస్థకును తప్పదు. కొనువాడు ఒక్కడే యైనప్పుడు వాడు మంచివాడైనను ప్రమాదము కలదు. ధర తక్కువ పెట్టినచో గిరిజనుడు పోవుటకు మరియొక గుమ్మము లేదు. పైకము ఆలస్యమైనచో ఆకలి ఆగదు. అతడు మరల వడ్డీవ్యాపారి వాకిటికే పోవును. డిపోలో సరకు లేనిచో డిపో యున్నను లేనట్లే. అందుచేత ధర ముందుగా తెలియవలెను, తూకము కనబడవలెను, పైకము వెంటనే ముట్టవలెను. 2006లో వచ్చిన అటవీహక్కుల చట్టము అడవిలో తరతరములుగా సేకరించు ఫలసాయముపై గిరిజనులకు యాజమాన్యపు హక్కును గుర్తించెను. అనగా గిరిజనుడు దయకై చేయిచాచువాడు కాడు. తన సరకును తాను అమ్ముకొను యజమాని.

అంకె చదివిన బాలిక

నేను ఉద్యోగవిరమణ చేయుటకు కొలదికాలము ముందు మా పాఠశాల విద్యార్థులను కొండప్రాంతమునకు విహారయాత్రకు తీసికొనిపోతిని. త్రోవలో నొక కొనుగోలు కేంద్రముకడ ఆగితిమి. ఆనాటి ధరలు పలకపై వ్రాసియుండెను. ఒక వృద్ధురాలు చింతపండు మూటను దించెను. ఆమె వెంట ఆశ్రమపాఠశాల దుస్తులతో నున్న మనుమరాలు, మీ యీడుదే, నిలిచియుండెను. మూటను ఎలక్ట్రానిక్ కాటాపై పెట్టిరి. ఎఱ్ఱని అంకెలు వెలిగెను.

కాటావాడు నోరు తెరచులోపలనే ఆ బాలిక వంగి అంకెను బిగ్గరగా చదివెను. పలకపైని ధరను చూచి, వ్రేళ్ళపై లెక్కించి, రావలసిన పైకమును చెప్పెను. పిమ్మట తన యవ్వవైపు తిరిగి అదే సంగతిని సవరభాషలో చెప్పెను. అవ్వ తల యూపెను. కాటావాడు నవ్వుచు, “అవునమ్మా, సరిగ్గా చెప్పావు” అని చీటీ వ్రాసి యిచ్చెను.

నేను ప్రక్కనే నిలిచియుంటిని. నన్నెవరును ఏమియు అడుగలేదు. అడుగవలసిన పనియే లేకపోయెను. నాటి బెల్లపుముక్క చేతిలో నున్నట్లే నాకు తోచెను.

బాలబాలికలారా! నాడు నేను చేసిన తప్పును దిద్దుకొను అవకాశము నాకు మరల రాలేదు. అందుచేతనే ఈ కథను మీకు చెప్పితిని. మంచి దుకాణమనగా అద్దములు, దీపములు కాదు. తెచ్చినవానికి న్యాయము, కొన్నవానికి నిజము, ఇచ్చిన చెట్టునకు బ్రదుకు – ఈ మూడును తూగిననాడే అది మంచి దుకాణము. కాని తక్కెడ తనంతట తాను ధర్మము చెప్పదు. దానిని చదువగలవాడు నోరు విప్పి చెప్పవలెను. మీకు చదువు వచ్చినది. ఎవరైనను వచ్చి, “ఆ రాయిమీద ఏమి వ్రాసియున్నది?” అని మిమ్ము నడిగిననాడు, ఉన్నది ఉన్నట్లు చదివి చెప్పుడు.

ప్రశ్నలు

1. “మూడు పగ్గములును ఒకే చేతిలో నుండెను” అనుటలోని భావమేమి? వానిని విప్పుటకు గిరిజన సహకార సంస్థ చేపట్టిన పనులెవ్వి?

2. రాచ్‌డేల్ నేతపనివారు తమ దుకాణమునకు పెట్టుకొన్న నియమములను వ్రాయుము. అందు నీకు మిక్కిలి నచ్చినదేది? ఏల?

3. తపసిజిగురును, తేనెను చెట్టునకును ఈగలకును హాని కలుగకుండ ఎట్లు సేకరింపవచ్చును?

4. కొనువాడు ఒక్కడే యైనచో కలుగు ప్రమాదములెవ్వి?

5. తండ్రి కుమారునితో పలికిన మాటలను నీ సొంతమాటలలో వివరింపుము. ఆ బాలుని స్థానమున నీవున్నచో నేమి చేసియుందువు?

6. మీ యింటనున్న ఏదేని యొక అటవీవస్తువును తీసికొని, అది ఎచ్చటనుండి, ఎవరి చేతులమీదుగా మీ యింటికి చేరినదో పెద్దలనడిగి తెలిసికొని పది వాక్యములు వ్రాయుము.